చేతులు లేని చోటు

పన్నెండు మంచాలకి ఒకటే పెట్టె.
దాని నురగ అంచుకి
ఇందాకటి మనిషి నుదుటి చెమట.
స్పిరిట్ దూదితో తుడిచి
నాగూర్‌బీ తలకి బిగిస్తున్నాను.
కళ్లకి కట్టినట్టు చెప్పేవాళ్లని చూశాను గానీ
నిజంగా కళ్లకి కట్టడం ఈ నెల నుంచే.

ఆరు సెంటీమీటర్లు.
బయట రోహిణి కార్తె. గుంటూరు మొత్తం
పెనం మీద మరిచిపోయిన రొట్టె.

"ఏం కనపడతంది?"
"తెల్లగా... ఏందిది సిస్టర్, ఉప్పా?"
"మంచు."
"ఓహో.
కోల్డ్ స్టోరేజీ తలుపు తీసినప్పుడు
కాళ్ల మీదికొస్తదే పొగ,
అది గడ్డ కడితే ఇట్టా ఉంటదన్నమాట."

మొన్న శనివారం దాకా మిరపకాయల తొడిమలు తీసింది,
కిలోకి ఇంతని కూలి.
నిండు కడుపుతో నేల మీద కుదరక
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని తీసిందట.

నొప్పి వచ్చింది.
నడుములో మొదలై తొడల్లోకి దిగి
రివర్సులో వచ్చే లారీలా
ఆగకుండా, చూడకుండా.
మానిటర్ మీద గీత కొండెక్కుతోంది,
ఆమె పెదాలు ఏదో లెక్కపెడుతున్నాయి.

దిగాక ఫారం తీసి అడిగాను:
సున్నా నుంచి పది దాకా, నొప్పి ఎంత?
"చెట్లు లెక్కపెట్టా.
పదకొండో చెట్టు కాడ కాస్త నెమ్మదించింది.
లేదని కాదు సిస్టర్, ఉంది.
పక్కింట్లో ఉంది."
ఫారంలో ఆ గడి లేదు.

నా ఇద్దర్నీ కన్నప్పుడు నొప్పి
నట్టింట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది.
నేనూ లెక్కపెట్టాను, ఫ్యాను రెక్కలు.
మూడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే.
కుళ్లుకున్నానా అంటే,
కాస్త.

ఉన్నట్టుండి చెయ్యెత్తి గాల్లో వెతికింది.
"నా చేతులేవి?"
"ఉన్నాయిగా."
"ఇక్కడ లేవు. కిందికి చూస్తే మంచే.
వేళ్లు లేవు, గాజుల్లేవు."
భయపడిందేమోనని పట్టీ మీద చెయ్యేశాను.
నవ్వుతోంది.
"పోతేపోనీ. మంట కూడా లేదు."

ఆ మంట నాకు తెలుసు.
ఈ వార్డులో ఎందరో
వేళ్లు నీళ్ల గ్లాసులో ముంచుకుని నిద్రపోతారు.

తొమ్మిది. పది.
"తీసెయ్యి."
"ఇంకాసేపు ఉంచుకోవే, నీకే మంచిది—"
"తీసెయ్యమంటన్నానా! నా చేతులు నాకు కావాల!"

తీశాను. ట్రేలో పడేశాను.
ఊచ పట్టుకోమంటే
నా మణికట్టు పట్టుకుంది.
ముక్కు, ఇంకొక్కసారి ముక్కు తల్లీ,
నాలుగూ పదికి
ఆడపిల్ల.

"మాయ పడిందా?" ఇందుప్రియ డాక్టరు అడిగింది.
చెప్పబోతూ ట్రే వైపు చూశాను.
కత్తెర పక్కన బోర్లా పడున్న పెట్టె,
అంచు కింద నుంచి నీలం వెలుతురు.
ఎవరూ లేకపోయినా లోపల
మంచు కురుస్తూనే ఉంది.
"ఏది మేడం?" అనబోయి
"పడింది" అన్నాను.
"తిప్పి చూడు, ముక్క మిగిలిపోతే ప్రమాదం."
బేసిన్‌లో తిప్పి చూశాను. వెచ్చగా, బరువుగా,
పూర్తిగా వచ్చేసింది.

పాపని రొమ్ము మీద పెట్టబోతే
నాగూర్‌బీ చేతులు రెండూ వెనక్కి లాక్కుంది.
"ఆగు సిస్టర్.
మూడ్రోజులైనా ఘాటు పోదు.
దాని కళ్లకి తగిలితే?"

అప్పుడు చూసుకున్నాను నా మణికట్టు:
నాలుగు వేళ్ల గుర్తు,
గుర్తు పొడుగునా చురుక్కుమంటూ.

నా బ్యాగులో కొబ్బరినూనె ఉంది, తలకి రాసుకునేది.
ఒక్కో వేలూ పట్టుకుని తుడిచాను,
గోళ్ల కింద కూడా.
సబ్బు. మళ్లీ నూనె. మళ్లీ సబ్బు.
పాప గుక్కపట్టింది.

ఎనిమిదో మంచం మీంచి కోటేశ్వరి కేక:
"ఆ పెట్టె ఇటు తెండమ్మా, చచ్చిపోతన్నా!"
"వస్తున్నా" అన్నాను.
కదల్లేదు.
ఇంకా ఒక చిటికెన వేలు మిగిలింది.